బోటులో ఆన్‌బోర్డ్ చార్జర్ బిగిస్తున్నాను, మూడు బ్యాటరీలకు వైరింగ్ ఎలా చేయాలి?

ప్రశ్న:
నాది 5 మీటర్ల ఫైబర్ బోటు. వెనకాల పెట్రోల్ ఔట్‌బోర్డ్ ఇంజిన్, దాన్ని స్టార్ట్ చేయడానికి ఒక 12 వోల్టుల బ్యాటరీ. ముందువైపు బోటును నెమ్మదిగా నడిపే 24 వోల్టుల ట్రోలింగ్ మోటార్ (బ్యాటరీతో నడిచేది), దానికి 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీలు రెండు సిరీస్‌లో ఉన్నాయి. మూడూ డిస్టిల్డ్ వాటర్ పోసే మామూలు లెడ్ యాసిడ్ రకమే. ఇన్నాళ్లూ ఒక్కోదాన్ని ఊడదీసి మోసుకెళ్లి ఛార్జింగ్ పెడుతున్నాను, నడుం పట్టేస్తోంది. ఇప్పుడు బోటులోనే బిగించే, మూడు బ్యాంకుల (ఒక్కో బ్యాటరీకి ఒక్కో అవుట్‌పుట్) ఆన్‌బోర్డ్ చార్జర్ తీసుకున్నాను, బ్యాంకుకు 10 ఆంపియర్లు. ఛార్జింగ్ పెట్టినప్పుడల్లా ముందున్న రెండు బ్యాటరీలను కలిపే వైరు (జంపర్) తీసేయాలా? చార్జర్‌ని వెనక బ్యాటరీకి సరిగ్గా పైన చెక్కకు బిగిద్దామనుకుంటున్నాను, పక్కనే పెట్రోల్ ట్యాంకు ఉంది, పరవాలేదా? ముందున్న బ్యాటరీలకు వైరు చాలట్లేదు, 3 మీటర్లు పొడిగించాలి. ఇంటి వైరింగ్‌లో మిగిలిన 2.5 స్క్వేర్ ఎంఎం వైరు ఉంది, వాడొచ్చా?

మొదటి జవాబు:
ముందు చోటు సంగతి చెప్తానండీ, ఎందుకంటే అక్కడ మాత్రం మీరు అనుకున్నది అస్సలు చేయొద్దు. ఛార్జింగ్ అవుతున్నప్పుడు లెడ్ యాసిడ్ బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, దాంతోపాటు సన్నగా యాసిడ్ తుంపర కూడా. చార్జర్ సరిగ్గా పైనుంటే ఆ తుంపరకు దాని వైర్లు, టెర్మినళ్లు తినేసుకుపోతాయి. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే నిప్పురవ్వ చాలు. పెట్రోల్ ఆవిరి ఇంకో రకం, గాలికన్నా బరువు కాబట్టి పైకి పోకుండా బోటు అడుగునే పేరుకుంటుంది. ట్యాంకు ఉన్న అరలో చార్జర్ పెట్టకండి. నిప్పురవ్వ బయటికి రాకుండా తయారుచేసిన, ఇగ్నిషన్ ప్రొటెక్టెడ్ అని రాసి ఉన్న రకమైనా సరే, చోటు ఉన్నప్పుడు వేరే అరలోనే పెట్టడం మేలు. మధ్యలో కన్సోల్ (స్టీరింగ్ ఉండే డబ్బా) ఉంటే దాని లోపలి గోడకు నిలువుగా బిగించండి, చుట్టూ గాలి ఆడేలా ఖాళీ వదలండి, బాగా వేడెక్కుతుంది. డ్రిల్ పెట్టేముందు అవతల ఏముందో చేత్తో తడిమి చూసుకోండి, బోటు బయటి గోడకే రంధ్రం పడితే ఆ తర్వాత బాధ చాలా పెద్దది. స్టెయిన్‌లెస్ స్క్రూలు, ప్రతి రంధ్రంలో మెరైన్ సీలెంట్.

జంపర్ విషయం. చార్జర్ అవుట్‌పుట్లు ఐసోలేటెడ్ (లోపల ఒకదానితో ఒకటి కలవనివి) అయితే జంపర్ తీయక్కర్లేదు, ఒక్కో బ్యాటరీకి దాని ప్లస్, దాని మైనస్ కలిపేస్తే చాలు, చార్జర్ దేనికదే విడిగా చూసుకుంటుంది. ఐసోలేటెడ్ కాకపోతే మాత్రం ప్రమాదం. సిరీస్‌లో రెండో బ్యాటరీ మైనస్, మొదటిదాని ప్లస్ ఒకే చోటు కదా, చార్జర్ లోపల మైనస్‌లన్నీ కలిసిపోయి ఉంటే మొదటి బ్యాటరీ నేరుగా షార్ట్ అవుతుంది. అందుకే ఏదీ కలపకముందే, కరెంటు ఇవ్వకముందే, మల్టీమీటర్‌ని కంటిన్యుటీలో (రెండు చివరలు లోపల కలిసి ఉంటే బీప్ ఇచ్చే సెట్టింగ్) పెట్టి రెండు బ్యాంకుల మైనస్ వైర్ల మధ్య చూడండి. బీప్ రాకూడదు.

వైరు: ఆ 2.5 వద్దు. 3 మీటర్లు అంటే పోనూ రానూ 6 మీటర్లు, 10 ఆంపియర్ల దగ్గర సుమారు 0.4 వోల్టు దారిలోనే పోతుంది. 14.4 ఇచ్చానని చార్జర్ అనుకుంటుంది, బ్యాటరీకి అందేది 14, దాంతో ఆ రెండూ నిండడానికి చాలా ఆలస్యమవుతుంది. 6 స్క్వేర్ ఎంఎం వేస్తే ఆ నష్టం 0.2 లోపే ఉంటుంది. పైగా ఇంటి వైరులో పోగులు లావు, బోటు అదురుకు విరుగుతాయి, తడి గాలికి రాగి నల్లబడుతుంది. తగరం పూత ఉన్న సన్న పోగుల మెరైన్ వైరే తీసుకోండి. జాయింట్ క్రింప్ చేసి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ తొడగండి.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. చార్జర్ ప్లస్ వైరు మీద ఫ్యూజు బ్యాటరీ చివర దగ్గర ఉంటుంది. పొడిగించేటప్పుడు ఆ ముక్కను బ్యాటరీ దగ్గరే ఉంచి, కొత్త వైరును చార్జర్‌కీ ఫ్యూజుకీ మధ్యలో కలపాలి. చార్జర్ ఇచ్చేది 10 ఆంపియర్లే, కానీ దారిలో వైరు ఒరుసుకుని షార్ట్ అయితే బ్యాటరీ వందల ఆంపియర్లు తోస్తుంది. ఫ్యూజు దాన్ని ఆపాలంటే బ్యాటరీకి ఓ జానెడు దూరంలోపే ఉండాలి. మెయిన్ స్విచ్ గుండా కాకుండా వైర్లను నేరుగా బ్యాటరీ టెర్మినళ్లకే బిగించండి, అప్పుడు స్విచ్ ఆఫ్‌లో ఉన్నా ఛార్జింగ్ అవుతుంది.

రెండో జవాబు:
పైన చెప్పినవన్నీ సరైనవే. కరెంటు వైపు గురించి కొంచెం చెప్తాను, ప్రాణాలు పోయేది అక్కడే కాబట్టి. చార్జర్‌కి వెళ్లే ప్లగ్ పాయింటుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) తప్పకుండా ఉండాలి. ఎర్త్ ఉన్న మూడు పిన్నుల ఎక్స్‌టెన్షన్ మాత్రమే వాడండి, ఆ జాయింటు నేల మీద తడిలో పడి ఉండకూడదు. ముందు బ్యాటరీలు కలిపి చివరికి ప్లగ్ పెట్టాలి, తీసేటప్పుడు మొదట ప్లగ్. బోటు నీళ్లలో ఉండగా ఛార్జింగ్ పెడితే ఆ చుట్టుపక్కల ఎవరినీ ఈతకు దిగనివ్వకండి. మంచినీళ్లలో లీకేజీ కరెంటు మనిషి ఒంట్లోంచి సులువుగా పోతుంది, కండరాలు బిగుసుకుపోయి ఈదలేక మునిగిపోతారు. ట్రెయిలర్ మీదికి ఎక్కించాక పెట్టుకోగలిగితే ఈ టెన్షనే ఉండదు.

ఇంకోటి, చార్జర్‌లో బ్యాటరీ రకం ఎంచుకునే బటన్ ఉంటే లెడ్ యాసిడ్ దగ్గర పెట్టారో లేదో చూసుకోండి. రేపు లిథియం కొంటే దానికి లిథియం సెట్టింగ్ ఉన్న చార్జరే కావాలి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. కన్సోల్ లోపలికి మార్చాను, 6 స్క్వేర్ ఎంఎం వేశాను, మల్టీమీటర్ బీప్ రాలేదు. రాత్రంతా పెట్టి పొద్దున ప్లగ్ తీసి, నాలుగు గంటల తర్వాత చూస్తే స్టార్టింగ్ బ్యాటరీ 12.7, ముందున్న వాటిలో ఒకటి 12.7, రెండోది 12.1 మాత్రమే. ఆ బ్యాంకు లైటు కూడా పచ్చగా మారలేదు. వైరింగ్ తప్పా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
ప్లగ్ తీసి ఉండగా, ముందున్న రెండు బ్యాటరీల చార్జర్ వైర్లు అటువి ఇటు మార్చి, మళ్లీ పెట్టి చూడండి. తప్పు బ్యాటరీతోపాటే ఉండిపోతే బ్యాటరీది, వైరుతో వెళ్తే చార్జర్‌ది. బ్యాటరీదే అని తేలితే హైడ్రోమీటర్‌తో (యాసిడ్ సాంద్రత కొలిచేది) ఆరు సెల్లూ చూడండి. నిండిన సెల్ 1.265 దగ్గర ఉంటుంది, మిగతా వాటికన్నా ఒక్క సెల్ 0.050 కంటే ఎక్కువ తేడాతో తక్కువ చూపిస్తే ఆ సెల్ పోయినట్టే.

ప్రశ్న అడిగినవారు:
మార్చి చూశాను, బ్యాటరీదే. ఐదు సెల్లు 1.250 పైన, ఒకటి 1.160. ఆ ఒక్క బ్యాటరీ మారిస్తే సరిపోతుందా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
సిరీస్‌లో ఉన్నవి ఒకే వయసువి ఉండాలండీ, లేకపోతే పాతది ముందే ఖాళీ అయిపోయి, కొత్తది దాన్ని ఇంకా కిందికి లాగేస్తుంది. రెండూ కలిపి మార్చండి. అప్పటిదాకా పోయిన బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టొద్దు, ఆ సెల్ వేడెక్కి గ్యాస్ వదులుతుంది. ప్లగ్ తీసి ఆ బ్యాంకు వైర్లు రెండూ విప్పి, చివరలకు విడివిడిగా టేపు చుట్టి పక్కకు కట్టేయండి. మిగతా రెండు బ్యాంకులు మామూలుగానే పనిచేస్తాయి.