పెద్ద వయసు హస్కీ కుక్కని తెచ్చుకుంటే విజయనగరం ఉక్కకి తట్టుకుంటుందా?

ప్రశ్న (దాసన్నపేట, విజయనగరం)

విశాఖలో ఓ రెస్క్యూ షెల్టర్‌లో నాలుగేళ్ల మగ హస్కీ ఉంది. పెంచినవాళ్లు ఇల్లు మారుతూ వదిలేశారట. చూసొచ్చినప్పట్నుంచి మా పాపకి అదే మాట. సొంతిల్లు, పెరడు ఉంది, ప్రహరీ ఛాతీ ఎత్తు. అమ్మ నాటుకోళ్లు పెంచుతోంది. ఏసీ ఒక్క గదిలోనే. నా టెన్షన్ అంతా ఏప్రిల్, మే నెలల గురించే. తెచ్చి దాన్ని బాధపెట్టడం నాకిష్టం లేదు. పెంచుతున్నవాళ్లు చెప్పండి.

జవాబు (పాలకొండ రోడ్డు, శ్రీకాకుళం)

బాబూ, మా ఆడ హస్కీ కూడా షెల్టర్ నుంచి వచ్చిందే, అప్పటికే ఐదేళ్లు దానికి. అందరూ ఎండ గురించే అడుగుతారు కానీ ముందు కోళ్ల సంగతి చూడండి. ఎంత నెమ్మదైన హస్కీకైనా వేట బుద్ధి పోదు. కోడి రెక్కలు కొట్టిందంటే ఇక ఆగదు. అమ్మగారితో ఇప్పుడే మాట్లాడండి.

ఛాతీ ఎత్తు గోడ చాలదు, ఆరడుగులు ఉండాలి. అడుగున తవ్వకుండా బండలు పరిపించండి. సైబీరియా మంచులో బండి లాగడానికి పెంచిన జాతి అది. వదిలితే పరుగే, పిలిచినా రాదు. లీష్ లేకుండా గేటు దాటనివ్వొద్దు.

ఏసీ గది ఉంది కాబట్టే వద్దనడం లేదు. వేసవిలో పగలు ఆ గది దానికే ఇచ్చేయాలి. వాకింగ్ తెల్లారకముందు, మళ్లీ రాత్రే. కరెంటు పోతే నేను కింద తడి గోనెపట్టా పరుస్తాను. పైన మాత్రం తడిగుడ్డ కప్పను, వేడి లోపలే ఉండిపోతుంది. బొచ్చు గొరిగించమని చాలామంది చెప్తారు, అస్సలు వద్దు. పై పొర ఎండని ఆపుతుంది. రాలే లోపలి ఊలుని బ్రష్‌తో తీస్తే చాలు.

పెద్ద వయసు కుక్క అని వెనకాడకండి. దాని గుణం షెల్టర్‌వాళ్లకి ఇప్పటికే తెలుసు, పిల్లలతో ఎలా ఉంటుందో అడగండి. మాది వచ్చిన కొత్తలో గుమ్మం దగ్గరే పడుకునేది. వీధిలో ఆటో ఆగితే చాలు, పాతవాళ్లేమోనని లేచి చూసేది. అది చూడలేక మా ఆయన కూడా అక్కడే చాప వేసుకుని పడుకునేవారు. అలా అలా దగ్గరైంది.

జవాబు (వెటర్నరీ కాలేజీ విద్యార్థి, గరివిడి)

అన్నా, కుక్కలు రొప్పుతూ ఒళ్లు చల్లబరుచుకుంటాయి. గాలిలో తేమ ఎక్కువుంటే నాలుక మీద తడి సరిగా ఆవిరవదు, అందుకే మన ఉక్క వాటికి ప్రమాదం. మామూలు ఉష్ణోగ్రత 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. 40 దాటి, తూలుతూ ఉంటే నీళ్లు పోసి, ఫ్యాన్ పెట్టి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. తెచ్చేముందు రక్త పరీక్ష చేయించండి. ఆ బొచ్చులో పిడుదులు కనబడవు, వాటితో వచ్చే ఎర్లిషియా జ్వరానికి ప్లేట్‌లెట్లు పడిపోతాయి. త్వరగా పట్టుకుంటే మందులున్నాయి. రేబిస్ టీకా కార్డు కూడా అడిగి తీసుకోండి.

ప్రశ్న అడిగినవారు

అక్కా, తమ్ముడూ, చాలా థాంక్స్. కోళ్లని గజపతినగరంలో పిన్నివాళ్లింటికి పంపడానికి అమ్మ ఒప్పుకుంది. వానలు తగ్గాక తీసుకెళ్లమని షెల్టర్‌వాళ్లు అన్నారు, ఈలోగా మేస్త్రీని పిలుస్తున్నా. గోడ మీద మెష్ వేయిస్తే చాలా, ఇటుకలే లేపాలా?

జవాబు (పాలకొండ రోడ్డు, శ్రీకాకుళం)

మెష్ చాలు బాబూ. పైభాగం లోపలివైపుకి వంచి కట్టించండి, లేకపోతే పట్టుకుని ఎక్కేస్తుంది. గోడ పక్కన తొట్లు, డ్రమ్ములు ఏమీ ఉంచకండి.