అపోలో 13: దూరపు దారి ఎందుకు పట్టారో మా అమ్మాయికి ఎలా చెప్పాలి?

నమస్కారమండీ. మాది విశాఖ, గాజువాక. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి స్కూల్లో అపోలో 13 (చంద్రుడి మీదికి బయల్దేరిన అమెరికా వ్యోమనౌక) గురించి మాట్లాడాలి. నిన్న ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తినేసి, ఆ పొట్లం కాగితం మీదే చంద్రుణ్ణి గీసి అడిగింది: "1970 ఏప్రిల్‌లో ఆక్సిజన్ ట్యాంకు పేలాక వెంటనే వెనక్కి తిప్పకుండా చంద్రుణ్ణి చుట్టి రమ్మన్నారేంటి నాన్నా?"

నౌక పెద్ద ఇంజిన్ దెబ్బతిందేమోనని, భూమ్మీద కంట్రోల్ రూము నడిపించిన ఫ్లైట్ డైరెక్టర్ జీన్ క్రాంజ్ దాని జోలికి పోలేదని చెప్పాను. "బాగానే ఉండుంటే?" అంది. దొరికిపోయాను. (బండి బ్రేకులు చూపించడానికే నెల వాయిదా వేసే మనిషిని.)

సగం సమాచారంతో, అంత టెన్షన్‌లో, ఏ రిస్కు చిన్నదో ఎలా తూకం వేస్తారు? కంట్రోల్ రూముల్లో పనిచేసినవాళ్ళెవరైనా పిల్లలకి అర్థమయ్యే ఉదాహరణ ఒక్కటి చెప్తారా? శుక్రవారం లోపు కావాలండీ.