గ్లాస్గో దీపావళి: శనివారం పనులు, 180 మందికి

వంటల టీమ్ (బుధ, రాత్రి 9:10): జాబితా పైన పెట్టాను, మీ పని పక్కన టిక్ పెట్టండి. హాలు వాళ్ల మెయిల్ ఇప్పుడే చూశా. వంటగదిలో నూనె మూకుడు పెట్టనివ్వరట, ఓవెన్ ఒక్కటే వాడుకోవాలట. మురుకులు, చెక్కలు లేనట్టే.

కోశాధికారి: 10 కిలోల బియ్యప్పిండి కొనేశాను. బుకింగప్పుడు అడగలేదా?

హాల్ బుకింగ్: అడిగాను అన్నా. వంట చేసుకోవచ్చన్నారు. మూకుడు సంగతి విడిగా అడగాలని నాకేం తెలుసు? వచ్చే ఏడాది మీరే చూసుకోండి.

అలంకరణ: ఇంట్లో వేయించి తెస్తే? మా గ్యారేజీ మాట మాత్రం ఎత్తకండి, పోయినేడాది చాలు.

వంటల టీమ్ (11:40): చెక్కల పిండి ఓవెన్‌లో పెట్టి చూశా, రాయి. ఉత్త బియ్యప్పిండితో నాన్ ఖటాయి చేస్తే ముట్టుకోగానే విబూదిలా రాలింది. గ్లూటెన్ లేదు కదా, పట్టు ఎక్కడిది!

పిన్నిగారు: మైదా కలపమ్మా. ఇక్కడి షార్ట్‌బ్రెడ్ అనే వెన్న బిస్కెట్లలో బియ్యప్పిండి వేయడం పాత పద్ధతే. తూకంలో చక్కెర 1, వెన్న 2, పిండి 3. ఆ పిండిలో మూడో వంతు బియ్యప్పిండి.

హాల్ బుకింగ్: మా ఇంట్లో సెల్ఫ్ రైజింగ్ పిండి ఉంది, తేనా?

పిన్నిగారు: వద్దు నాన్నా, అందులో బేకింగ్ పౌడర్ ముందే ఉంటుంది, ఉబ్బి ఆకారం పోతుంది. బ్రెడ్ ఫ్లోర్ కూడా వద్దు, గట్టిపడతాయి. ప్లెయిన్ ఫ్లోర్ తే, అదే మన మైదా. వెన్న బదులు నెయ్యి వేస్తే కాస్త తగ్గించాలి, వెన్నలో నీళ్లుంటాయి.

వంటల టీమ్ (గురు, రాత్రి 10:25): 160 డిగ్రీల్లో 22 నిమిషాలు. అంచులు లేత గోధుమ రంగుకి రాగానే తీశా. వేడి మీద మెత్తగా ఉంటే గుండె జారింది. చల్లారాక టక్కున విరిగింది, పంటి కింద సన్నగా కరకర. యాలకులు ఇంకాస్త పడాలి. పిన్నిగారూ, మీకు దండం.

కోశాధికారి: తలా రెండు, ఒక్కోటి 25 గ్రాములు. మొత్తం 9 కిలోల ముద్ద. మైదా 3, బియ్యప్పిండి 1.5, వెన్న 3, చక్కెర 1.5. తమ్ముడూ, నిన్న నోరు జారాను.

హాల్ బుకింగ్: నేనూ అరిచాను కదన్నా. వెన్న, మైదా నావి. ఓవెన్ కోసం ఉదయం 7కే తాళం ఇవ్వమన్నాను, సరేనన్నారు.

కోశాధికారి: మరి మిగిలిన 8.5 కిలోల బియ్యప్పిండి?

అలంకరణ: నేనింకా ముగ్గుపిండి కొనలేదు, ఇటు పంపండి. అట్టల మీద వేస్తాలే, కార్పెట్ మీద పడితే ఇంకో మెయిల్ వస్తుంది.