సీడీ రిప్ చేస్తే టెస్ట్, కాపీ రెండూ ఒకటే వచ్చాయి, అక్యురేట్‌రిప్ మాత్రం కాదంటోంది. దేన్ని నమ్మాలి?

శ్రుతిపెట్టె:
నా సీడీలన్నీ రిప్ చేసి, అంటే పాటల్ని కంప్యూటర్‌లోకి కాపీ చేసి, ఫ్లాక్‌లోకి (నాణ్యత తగ్గని లాస్‌లెస్ ఫార్మాట్) ఎక్కిస్తున్నాను. వాడేది ఎగ్జాక్ట్ ఆడియో కాపీ ప్రోగ్రామ్, తప్పుల్లేకుండా జాగ్రత్తగా చదివే సెక్యూర్ మోడ్, ప్రతి ట్రాక్‌నూ రెండుసార్లు చదివి పోల్చే టెస్ట్ అండ్ కాపీ. ఒక డిస్క్ దగ్గర బండి ఆగింది. 12 ట్రాకుల్లో 11 అక్యురేట్‌రిప్‌తో (ఇతరుల రిప్పులతో పోల్చిచూసే ఆన్‌లైన్ డేటాబేస్) సరిపోయాయి, కాన్ఫిడెన్స్ 34, అంటే 34 రిప్పులతో కలిశాయి. తొమ్మిదో ట్రాక్ ఒక్కటే సరిపోలేదు. లాగ్‌లో దాని కింద టెస్ట్ సీఆర్‌సీ (చదివిన ఆడియో నుంచి లెక్కగట్టే సరిచూపు సంఖ్య) 7డీ41బీ09ఈ, కాపీ సీఆర్‌సీ కూడా 7డీ41బీ09ఈ, 'కాపీ ఓకే' అని ఉంది. డ్రైవ్ రెండుసార్లూ ఒకటే చదివిందంటే డిస్క్ మీద ఉన్నది అదే కదా? ముక్కూమొహం తెలియనివాళ్ల రిప్పులు చూసి నాది తప్పని ఎందుకు అనుకోవాలి?

ఎడంచెవి:
మీరన్నదే సబబు. అక్యురేట్‌రిప్‌లో ఉన్నవి జనం పంపిన చెక్‌సమ్‌లు (సీఆర్‌సీ లాంటి సరిచూపు సంఖ్యలు), స్టూడియో మాస్టర్ తాలూకువి కావు. ఒకే ఆల్బమ్ సీడీని ఫ్యాక్టరీలో మళ్లీ ప్రెస్ చేసినప్పుడు ఆడియో కొన్ని శాంపిళ్లు (ధ్వనిని కొలిచిన విలువలు) అటూఇటూ జరగొచ్చు. అప్పుడు మంచి రిప్ కూడా సరిపోలదు. టెస్ట్, కాపీ కలిస్తే నేను ఫైల్ దాచేసి తర్వాతి డిస్క్ పెడతాను.

వలయం:
ఎడంచెవి గారూ, మీరు చెప్పింది నిజమే కానీ ఈ డిస్క్‌కు వర్తించదు. ప్రెసింగ్ తేడా అయినా, డ్రైవ్ ఆఫ్‌సెట్ (డ్రైవ్ కొన్ని శాంపిళ్లు ముందో వెనకో చదివే తేడాకు సవరణ) తప్పుగా పెట్టినా దెబ్బ డిస్క్ మొత్తానికీ తగులుతుంది. ఇక్కడ 11 ట్రాకులు కలిశాయి. అంటే ప్రెసింగ్, ఆఫ్‌సెట్ రెండూ సరిగ్గానే ఉన్నాయి. ఇక తొమ్మిదో ట్రాక్‌ను వెనకేసుకురావడానికి కారణమేమీ మిగల్లేదు. ఆ 34 రిప్పులు వేర్వేరు డిస్కుల నుంచి, వేర్వేరు డ్రైవుల నుంచి వచ్చినవి. ఎవరి డిస్క్ గీతలు వాళ్లవి. అవన్నీ ఒకే తప్పు దగ్గర కలవడం జరిగే పని కాదు. చెక్‌సమ్ 32 బిట్లది, గుడ్డిగా కలిసే అవకాశం 400 కోట్లలో ఒకటి కూడా ఉండదు.

శ్రుతిపెట్టె:
మరి నా డ్రైవ్ రెండుసార్లూ ఒకే తప్పు ఎలా చదివింది?

వలయం:
అసలు సంగతి అక్కడే ఉంది. డేటా సీడీలో ఒక సెక్టార్ 2352 బైట్లయితే అందులో ఫైల్ తాలూకువి 2048 మాత్రమే. మిగతా చోటులో ఎక్కువ భాగం అదనపు దోష సవరణకే పోతుంది. ఆడియో సీడీలో 2352 బైట్లూ పాటే. పాటకున్న రక్షణల్లా దాని కింది పొరలో ఉండే రీడ్-సాలమన్ అనే దోష సవరణ కోడింగ్ ఒక్కటే. అది గట్టిదే, ట్రాక్ వెంట సుమారు రెండున్నర మిల్లీమీటర్ల దాకా డేటా చెరిగినా పూర్తిగా తిరిగి కట్టగలదు. అది దాటితే డ్రైవ్ పక్క శాంపిళ్లను చూసి మధ్యలో ఒక విలువ వేసేస్తుంది. గీత కదలదు, పక్క శాంపిళ్లు మారవు, కాబట్టి ఆ ఊహ కూడా ప్రతిసారీ ఒకటే రావచ్చు. దానికి తోడు డ్రైవ్ కాష్ ఒకటి. ప్రోగ్రామ్ దాన్ని తప్పించకపోతే రెండోసారి 'చదివింది' డిస్క్ నుంచి కాదు, డ్రైవ్ జ్ఞాపకం నుంచి. టెస్ట్, కాపీ కలిశాయంటే డ్రైవ్ మాట మార్చలేదని తెలుస్తుంది. ఆ మాట నిజమా కాదా అన్నది దాంతో తేలదు.

నాలుగోతీగ:
ఫ్లాక్ ఫైల్‌ను టెస్ట్ చేసి చూడండి, ఎర్రర్ లేకపోతే మంచిదే.

వలయం:
లేదండీ. ఫ్లాక్‌లో ఉండే ఎండీ5 అనే చెక్‌సమ్, ఎన్‌కోడర్‌కు (ఫ్లాక్ ఫైల్ తయారుచేసే ప్రోగ్రామ్) ఇచ్చిన ఆడియో చెక్కుచెదరలేదని మాత్రమే చెబుతుంది. ఇచ్చిందే తప్పయితే ఆ తప్పును భద్రంగా దాచిపెడుతుంది.

ఎడంచెవి:
సరే, తప్పే అనుకుందాం. ఎన్ని శాంపిళ్లు? సెకనుకు 44,100 శాంపిళ్లు పోతుంటే అందులో ఓ పిడికెడు ఊహించినవైతే ఏ చెవి పట్టుకుంటుంది? నేను పాటలు వినడానికి రిప్ చేస్తాను, చెక్‌సమ్‌లు సరిచూసుకోవడానికి కాదు. ఇలా ప్రతి లాగ్‌నూ తవ్వుకుంటూ పోతే సగం డిస్కులు బీరువాలోనే ఉండిపోతాయి.

రాగిరేకు:
మీ చివరి మాటతో ఏకీభవిస్తాను. లాగ్‌లో ఒక తప్పు కనిపించిందని రిప్పింగే మానుకున్నవాళ్లను చూశాను, అది మరీ అన్యాయం. కానీ వినబడకపోతే చాలన్న వాదన నాకు ఎక్కదు. అలాగైతే ఎక్కువ బిట్‌రేట్ ఎంపీ3 సరిపోయేది, లాస్‌లెస్ ఎందుకు? డిస్కులు పాడవుతున్నాయి, లోపలి అల్యూమినియం పొర కొన్నింట్లో తుప్పు పడుతోంది. ఇప్పుడు చదవగలిగింది పదేళ్ల తర్వాత చదవలేకపోవచ్చు. చేతిలో డిస్క్ ఉండగా కాస్త కష్టపడటంలో తప్పేముంది?

శ్రుతిపెట్టె గారూ, క్యూటూల్స్ అనే ప్రోగ్రామ్‌తో డిస్క్ మొత్తం రిప్‌ను ఒకసారి చూడండి. దాని డేటాబేస్‌లో చెక్‌సమ్‌తో పాటు మరమ్మతు సమాచారం కూడా ఉంటుంది. తేడా కొద్దిగా అయితే ఎక్కడుందో చూపిస్తుంది, సరిచేస్తుంది కూడా.

శ్రుతిపెట్టె:
చూశాను. తొమ్మిదో ట్రాక్‌లో ఒకే చోట 47 శాంపిళ్లు తేడా ఉన్నాయట, సరిచేయగలనంటోంది.

ఎడంచెవి:
47 శాంపిళ్లంటే దాదాపు ఒక మిల్లీసెకను. దీనికా ఇంత టెన్షన్? పైగా పక్కవాళ్ల రిప్‌లోంచి తెచ్చి అతికిస్తే అది మీ డిస్క్ కాపీ ఎలా అవుతుంది?

రాగిరేకు:
ఇది మంచి ప్రశ్న. నేను కూడా మరమ్మతు నొక్కే ముందు డిస్క్‌నే ఇంకోసారి అడుగుతాను. మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి, గుండ్రంగా వద్దు. ట్రాక్‌కు అడ్డంగా పడ్డ గీతను సవరించుకోవడం తేలిక, ట్రాక్ వెంబడి పడితే కష్టం. ఆ తర్వాత వేరే తయారీ డ్రైవ్ దొరికితే అందులో పెట్టండి. దాని ఆఫ్‌సెట్ మార్చడం మరవొద్దు.

శ్రుతిపెట్టె:
అలాగే చేశాను. తుడిచాక కూడా నా డ్రైవ్‌లో పాత సీఆర్‌సీయే వచ్చింది. స్నేహితుడి డ్రైవ్‌లో పెడితే తొమ్మిదో ట్రాక్ సరిపోయింది, కాన్ఫిడెన్స్ 34. ఇంకో సంగతి, పాత రిప్‌ను క్యూటూల్స్‌తో మరమ్మతు చేసి చూస్తే దాని సీఆర్‌సీ, స్నేహితుడి డ్రైవ్ ఇచ్చిన సీఆర్‌సీ ఒకటే.

వలయం:
అంటే మరమ్మతు తెచ్చింది పక్కవాళ్ల పాటను కాదు, మీ డిస్క్ మీదున్నదాన్నే.

ఎడంచెవి:
ఈ డిస్క్ వరకు ఒప్పుకుంటున్నాను. కానీ ఏ డేటాబేస్‌లోనూ లేని డిస్కులు నా దగ్గర ఉన్నాయి. వాటికి మళ్లీ టెస్ట్ అండ్ కాపీయే దిక్కు కదా?

రాగిరేకు:
వాటికైతే రెండు వేర్వేరు తయారీల డ్రైవుల్లో రిప్ చేసి సీఆర్‌సీలు పోల్చండి. ఒకే డ్రైవ్ రెండుసార్లు చెప్పినదానికన్నా అది చాలా నయం. లాగ్ కూడా ఫైళ్లతో పాటే దాచండి. రేపు అదే డిస్క్‌ను ఇంకెవరైనా డేటాబేస్‌లోకి పంపితే అప్పుడు పోల్చుకోవచ్చు. ఒక్క జాగ్రత్త, మీరు ముందే పంపి ఉంటే కాన్ఫిడెన్స్ 1 అని కనిపించేది మీ రిప్పే కావచ్చు. దాన్ని లెక్కలోకి తీసుకోకండి.