అప్‌డేట్: ఇన్‌టేక్ మార్చాక లీన్ కోడ్ వచ్చిన డబ్ల్యూఆర్‌ఎక్స్

ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ) సెట్టింగులు మార్పించి ట్యూన్ చేసిన నా 2017 సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ కారుకి వేరే ఎయిర్ ఇన్‌టేక్ బిగించగానే పి0171 కోడ్‌తో (గాలికి తగ్గ పెట్రోల్ అందట్లేదని, అంటే మిశ్రమం ‘లీన్’ అని) చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతోందని పోయిన నెల అడిగాను కదా. తీరిపోయింది. తప్పులు రెండూ నావే.

మొదటిది చిన్నది. ఇంజిన్‌లోకి పోయే గాలిని కొలిచే ఎంఏఎఫ్ సెన్సర్‌ని కొత్త గొట్టంలోకి దింపేటప్పుడు దాని ఓ-రింగ్ (గాలి కారకుండా ఆపే రబ్బరు రింగ్) నలిగి ఒక పక్కకి లేచింది. టార్చ్ వేసి చూస్తే గోరు పట్టేంత సందు, లెక్కలోకి రాని గాలి అక్కణ్ణుంచి పోతోంది. రింగ్ మార్చాక ఫ్యూయల్ ట్రిమ్ (లోటు పూడ్చడానికి ఈసీయూ అదనంగా కలిపే పెట్రోల్) 18 శాతం నుంచి 14కి దిగింది, అంతే.

అసలు కథ వేరే. కొత్త గొట్టం లావు. అంతే గాలి అందులో నెమ్మదిగా పోతుంది కాబట్టి సెన్సర్ తక్కువ లెక్క చెబుతుంది, ఈసీయూ పెట్రోల్ తగ్గిస్తుంది. పాత మ్యాప్ (ఈసీయూలో ట్యూనర్ రాసిన లెక్కల పట్టిక) పాత గొట్టం కొలతకి రాసింది మరి! ఆ స్థితిలో టర్బోతో ఫుల్ బూస్ట్ కొడితే ఇంజిన్‌లో నాక్ (మిశ్రమం అదుపు తప్పి పేలడం) వచ్చే ప్రమాదం. అందుకే అప్పుడు ఇక్కడ మీరిచ్చిన సలహా ప్రకారమే అన్నాళ్లూ యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా పెట్టి నడిపాను.

కారు నడిపినప్పటి సెన్సర్ రికార్డులు (లాగ్‌లు) పంపితే ట్యూనర్ ఎంఏఎఫ్ స్కేలింగ్ (సెన్సర్ సిగ్నల్‌ని గాలి లెక్కగా మార్చే భాగం) సరిచేసి కొత్త మ్యాప్ ఇచ్చాడు. ఇప్పుడు ట్రిమ్ 3 శాతం దాటట్లేదు. పవర్ పెరిగిందా అంటే ఏమో గానీ, టర్బో ఈల మాత్రం మా ఆవిడకి ఇంట్లోకి వినిపిస్తోందట.