పాత ట్రాన్సిస్టర్ రేడియో: బాగు చేయించాల్నా, బోర్డు పీకి బ్లూటూత్ పెట్టించాల్నా?

మిర్యాలగూడ_తమ్ముడు:
మా తాత ఫిలిప్స్ ట్రాన్సిస్టర్ ఉన్నది. సెల్లులు వేస్తే సన్నగ గుర్రుమంటది, అంతే. షాపాయన 'లోపలి బోర్డు పీకేసి బ్లూటూత్ పెడత, మస్తు సౌండ్ వస్తది' అంటుండు. పెట్టించాల్నా?

పాలమూరు_పాటలు:
పెట్టించు. మీడియం వేవ్ స్టేషన్లు ఇయ్యాల ఎవరు వింటున్నరు? ఇంట్ల ఎల్‌ఈడీ బల్బు వేస్తే రేడియోల ఒకటే మోత. బీరువా మీద దుమ్ము పట్టే బదులు రోజూ పాడనీ.

దేవరకొండ_సోల్డర్:
వద్దు తమ్మీ! బోర్డు ఒక్కసారి చెత్తల పడ్డదంటే మళ్ల తెచ్చిపెట్టలేవు. ఈ సెట్లల్ల పోయేవి ఎక్కువగ అవే: ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు, సెల్లు కారి చిలుము పట్టిన స్ప్రింగులు, దుమ్ము చేరిన వాల్యూమ్ కంట్రోల్.

మూత విప్పి ఏఎఫ్117 అని రాసున్న నాలుగు కాళ్ల ట్రాన్సిస్టర్లు (బోర్డు మీది చిన్న రేకు డబ్బీల అసొంటి పార్టులు) ఉన్నయేమో చూడు. ఏండ్లు గడిచినకొద్దీ వాటి డబ్బీ లోపల తగరం సన్నటి వెంట్రుకల లెక్క మొలిచి కాళ్లకు తగులుతది, షార్ట్ అయితది. నాలుగో కాలు డబ్బీని ఎర్త్‌కు కలిపేది. దాన్ని కత్తిరిస్తే చానాసార్లు సెట్టు మళ్ల పలుకుతది.

పాలమూరన్నా, ఆ మోత బల్బు డ్రైవర్‌ది. బల్బు ఆర్పి చూడు. స్టేషన్‌ను పట్టే ఏరియల్ లోపలి ఫెరైట్ రాడ్డే (నల్లటి కడ్డీ) గాబట్టి సెట్టును మెల్లగ తిప్పితే ఒక దిక్కున మోత తగ్గుతది. హైదరాబాద్ 'ఏ' స్టేషన్ 738 కిలోహెర్ట్జ్. డయల్ మీద కిలోహెర్ట్జ్ బదులు తరంగం పొడుగు మీటర్లల్ల ఉంటే ముల్లు 406 దగ్గర పెట్టాలె.

పాలమూరు_పాటలు:
సరే అన్నా, స్పీకర్‌ను పలికించే ఏసీ128 ట్రాన్సిస్టర్ కాలితే యాడ తెస్తం?

దేవరకొండ_సోల్డర్:
పాత సామాన్ల దుకాణంల పడున్న సెట్లల్ల నుంచి ఊడదీసుకుంట. సిలికాన్‌ది పెట్టొచ్చు గని ఊరికె మారిస్తే కుదరదు. ఏసీ128 లాంటి జెర్మేనియం ట్రాన్సిస్టర్‌కు బేస్ (కంట్రోల్ చేసే కాలు) దగ్గర 0.2, 0.3 వోల్టులు చాలు, సిలికాన్‌కు 0.6 దాకా కావాలె. ఆ వోల్టులు ఇచ్చే బయాస్ రెసిస్టర్లు మార్చకుంటే గొంతు పగిలినట్టు వస్తది.

తమ్మీ, బ్లూటూత్ మీద అంత మనసుంటే బోర్డు ముట్టకుండ పెట్టుకో. చిన్న మాడ్యూల్ తెచ్చి, మధ్యల కెపాసిటర్ వేసి వాల్యూమ్ కంట్రోల్ పై కాలుకు కలుపు. దానికి బ్యాటరీ మాత్రం వేరే ఉండాలె. పీఎన్‌పీ అనే రకం ట్రాన్సిస్టర్లున్న ఈ పాత సెట్లల్ల చానా వాటికి ప్లస్సే ఎర్త్. రెంటికీ అవే సెల్లులు ఇస్తే మాడ్యూల్ మైనస్ సౌండ్ వైరు ఎర్త్ నుంచి పోయి ఆ ప్లస్‌కు కలుస్తది, షార్ట్!