లక్ష దాటిన స్ప్లెండర్‌కి ముందుగానే బోర్ చేయించాలా?

జ్ఞానాపురం: నాన్నగారి పాత స్ప్లెండర్ ఇప్పుడు నేను వాడుతున్నాను. మీటర్ లక్ష కిలోమీటర్లు దాటింది. పొగ లేదు, పికప్ బాగుంది, పైన చప్పుడు మాత్రం కొంచెం వస్తోంది. ‘ఎలాగూ బోర్‌కి వస్తుంది, ఇప్పుడే హాఫ్ ఇంజన్ చేయించేస్తే టెన్షన్ ఉండదు’ అంటున్నాడు మెకానిక్. అంటే సిలిండర్ లోపలి గోడని లేత్ మీద కాస్త వెడల్పు చేసి (అదే బోర్), కొత్త పిస్టన్, రింగులు వేయడం. చేయించమంటారా?

గాజువాక: చేయించెయ్ తమ్ముడూ. ఈ బండికి పట్టే ఆయిలే లీటరు లోపు. రింగులు అరిగి ఆయిల్ తాగడం మొదలైతే, మనం గమనించేలోపు పైన వాల్వులని తెరిచే కామ్, రాకర్లు పోతాయి. స్టీల్‌ప్లాంట్ షిఫ్టులకి తిరిగే బళ్లు దారిలో సీజ్ అయిపోవడం చూశాను. అప్పుడు మొత్తం విప్పి ఫుల్ ఇంజనే చేయించాలి.

మధురవాడ: నేను ఒప్పుకోను అన్నా. మీటర్ చూసి ఇంజన్ విప్పకూడదు. బోర్ చేశాక వేసే ఓవర్‌సైజ్ పిస్టన్లు 0.25 మి.మీ. చొప్పున పెరుగుతాయి. 1 మి.మీ. దాకా వెళ్లాక ఇక లోపల లైనర్ (కొత్త గొట్టం) వేయాలి, లేదా బ్లాకే మార్చాలి. బాగున్న సిలిండర్‌ని లేత్‌కి పంపితే అందులో ఒక సైజు ఊరికే పోయినట్టు.

జ్ఞానాపురం గారూ, ముందు కంప్రెషన్, అంటే సిలిండర్‌లో ఒత్తిడి ఎంత వస్తోందో చూపించండి. ఇంజన్ వేడి మీద ఉండగా గేజ్ పెట్టి, థ్రాటిల్ పూర్తిగా తిప్పి పట్టుకుని కిక్ కొట్టాలి. రీడింగ్ తక్కువొస్తే ప్లగ్ రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. పెరిగితే లోపం రింగుల్లోనో బోర్‌లోనో ఉంది. పెరగకపోతే వాల్వులు అనుమానించాలి. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు కాసేపు నీలం పొగ వచ్చి ఆగిపోతే సాధారణంగా వాల్వ్ సీళ్లు, రేజ్ చేసినప్పుడల్లా వస్తే రింగులు. మీకు రెండూ లేవు. ట్యాపెట్లు (వాల్వుల దగ్గరి సందు) సెట్ చేయించండి, అప్పటికీ చప్పుడుంటే టైమింగ్ చైన్ చూడమనండి.

మీరున్న చోట అసలు శత్రువు విశాఖ పోర్టు నుంచి వచ్చే బొగ్గు ధూళి. అది లోపలికి పోతే బోర్‌ని గీకేస్తుంది. ఎయిర్ ఫిల్టర్‌ని సర్వీస్ పుస్తకం చెప్పినదానికంటే ముందే చూసుకోవాలి. ఫిల్టర్ నుంచి కార్బురేటర్‌కి వెళ్లే రబ్బరు గొట్టం పగిలితే ఫిల్టర్ ఉన్నా లేనట్టే. ఇంకోటి, ఈ ఇంజన్‌లో మార్చి పారేసే ఆయిల్ ఫిల్టర్ లేదు. క్లచ్ వైపు కవర్ లోపల గిరగిరా తిరిగే స్పిన్నర్ ఉంటుంది, మడ్డి అంతా దాని గోడలకి పేరుకుంటుంది. కింద బోల్ట్ విప్పి ఆయిల్ దించేస్తే ఆ మడ్డి రాదు, కవర్ తీసి కడగాల్సిందే. ముందు జాగ్రత్త డబ్బు అక్కడ పెట్టండి.

గాజువాక: స్పిన్నర్ సంగతి నిజమే, చాలామంది ముట్టరు. కానీ కంప్రెషన్ గేజ్ ఉన్న షాపు ఎక్కడ దొరుకుతుంది తమ్ముడూ?

మధురవాడ: లేకపోతే ఆయిల్ లెవెల్ చూసే డిప్‌స్టిక్ చాలు. బండి నిటారుగా నిలబెట్టి, కాసేపు ఆన్ చేసి ఆపాక, డిప్‌స్టిక్‌ని మర తిప్పకుండా ఆనించి చూడాలి. లీకేజీ లేకుండా లెవెల్ వారం వారం తగ్గుతుంటే అప్పుడు మీ మాటే నా మాట, విప్పాల్సిందే.

గాజువాక: అలా అయితే సరే. తగ్గడం కనిపించాక మాత్రం ‘ఇంకో నెల’ అనకు.

జ్ఞానాపురం: ఈ ఆదివారం స్పిన్నర్ విప్పిస్తున్నాను. రబ్బరు ఇప్పుడే చూశాను, క్లిప్ దగ్గర చీలింది. అదీ మార్పిస్తాను.